బామ్మకు ఆరు సిలిండర్లు

విమానం తలుపు తెరవగానే ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టాయి. కెనడా ఉత్తరపు కొసన ఉన్న నునావుట్‌లో నా మొదటి నిమిషం అది. ఫిబ్రవరి నెల, ఉదయం పదకొండు గంటలు, మైనస్ నలభై ఒకటి. రన్‌వే పక్కన నాలుగు రేకుల షెడ్లు, ఒక రేడియో స్తంభం. వాటి వెనక నల్లరాతి గుట్ట అడ్డంగా పడుకుని ఉంది. చెట్టు అన్నది మచ్చుకు కూడా లేదు.

వారెంట్ ఆఫీసర్ ఎదురొచ్చింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆ సైనిక పోస్టు మొత్తం ఆమె చేతికింద నడుస్తుంది.

“నువ్వేనా కొత్త మెకానిక్‌వి?”

“అవును, వారెంట్.”

“సామాను తర్వాత పెట్టుకో. ముందు బామ్మను చూద్దువు గాని రా.”

వాళ్లు మాట్లాడింది ఇంగ్లీషే. నాకు గుర్తున్నది మాత్రం తెలుగులో. కాబట్టి అలాగే రాస్తున్నాను.

టొరంటో దగ్గరి కేంబ్రిడ్జ్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఆరాధన అయ్యాక టీ దగ్గర ఎవరో ఒకరు నన్ను పట్టుకుంటారు. “వందనాలు బ్రదర్. మీరు ఆర్మీలో చేశారంట కదా. ఎప్పుడైనా ఫైర్ చేశారా?” అని. ట్రైనింగ్‌లో తప్ప పేల్చలేదండీ, డ్యూటీలో ఒక ఇంజిన్ మార్చాను అంటాను. వాళ్ల మొహాలు చిన్నబోతాయి. సమోసా తీసుకుని పక్కకు వెళ్లిపోతారు. అలా వెళ్లిపోయిన వాళ్లందరి కోసం ఇది.

బామ్మ అంటే బండి. నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే పాత మిలిటరీ ట్రక్కు. చదరపు మూతి, ఎత్తయిన ఇరుసులు, వెనక హీటరున్న పెట్టె. నాలుగు సిలిండర్ల చిన్న డీజిల్ ఇంజిన్. మొండిది, నమ్మకమైనది, బలం లేనిది. గుట్టకు అవతల సముద్రతీరంలో మాకు ఇంకో క్యాంపు ఉంది. గాలి లేచి విమానం ఎగరలేని రోజుల్లో అక్కడి మనిషిని పడుకోబెట్టి, వెచ్చగా ఇవతలికి తేగలిగేది బామ్మ ఒక్కటే. డిసెంబరులో బరువుతో గుట్ట ఎక్కబోయి సగంలో ఆగిపోయింది. అందులో ఉన్నవాళ్లు దిగి నడిచి వచ్చారు. వాళ్లలో మా వెల్డర్ ఒకడు. న్యూఫౌండ్‌లాండ్ వాడు, నోరు మూయడు. ఎడమచేతి రెండు వేళ్ల చివర్లు ఆ రోజు చలికి పోయాయి.

“ఆ గుట్ట నాకు రెండు వేళ్లు బాకీ,” అన్నాడు నాతో మొదటి రోజే.

వారెంట్ మాట సూటిగా ఉంది. “బామ్మ బరువుతో గుట్ట ఎక్కేదాకా తీరానికి మనిషిని పంపను. ఎక్కించే పని నీది.”

షెడ్డు వెనక రన్‌వే మంచు తోసే లారీ ఒకటి ముందు ఇరుసు విరిగి పడి ఉంది. దాని ఇంజిన్ మాత్రం గుండ్రాయిలా ఉంది. ఆరు సిలిండర్లు, టర్బో. దాన్ని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నేను చిలకలూరిపేట లారీ షెడ్డులో పని నేర్చినవాణ్ణి. కేంబ్రిడ్జ్‌లో విడిభాగాల ఫ్యాక్టరీలో చేసి, కెనడాలో శాశ్వతంగా ఉండే పీఆర్ వచ్చాక అక్కడి సైన్యంలో చేరాను. ఒక బండి ఇంజిన్ ఇంకో బండిలో ఇమడదని చెప్పడానికి పుస్తకాలుంటాయి. ఇమిడించడానికి మేముంటాం.

పాత ఇంజిన్‌ను చైన్ పుల్లీతో లేపి కిందపెట్టాం. కొత్తది జానెడు పొడుగు. రేడియేటర్‌ను ముందుకు జరపడానికి అడ్డకమ్మీ కోసి మళ్లీ అతికాం. ఇంజిన్ అడుగున నూనె నిలిచే ఆయిల్ సంప్ వెళ్లి ముందు ఇరుసు మీద కూర్చుంది. వెల్డర్ సంప్‌ను కోసి, ఇరుసుకు దారిచ్చేలా వంకర తిప్పి వెల్డింగ్ చేశాడు. ఎనిమిది వేళ్లతో అతను వేసిన ఆ అతుకు ఒక్క చుక్క కారలేదు. గేర్‌బాక్సుకూ ఇంజిన్‌కూ బోల్టు రంధ్రాలు కలవకపోతే మధ్యలో మందపాటి ఇనప పలక పెట్టి రెంటికీ పెళ్లి చేశాం. బరువు పెరిగింది గనక ముందు కమాన్ కట్టల్లో ఒక్కో పట్టీ ఎక్కించాం. గేర్‌బాక్సు మాత్రం పాతదే. ఆరు సిలిండర్ల బలం ఒక్కసారిగా దాని మీద పడితే పళ్లు రాలతాయి. అందుకని నేనొక ఆర్డరు వేశాను. ఎక్సలరేటర్ తొక్కేటప్పుడు డ్రైవరు మడమ నేల మీద నుంచి లేవకూడదు.

రేడియేటర్ దగ్గర గొడవొచ్చింది.

“పాతది చాలదా? ఇది ఆర్కిటిక్ బాబూ, అరేబియా కాదు,” అన్నాడు వెల్డర్.

“పెద్ద ఇంజిన్‌కి పెద్ద రేడియేటర్. లారీదే పెడుతున్నా.”

రోహిణి కార్తెలో రోడ్డు పక్కన ఆవిరి చిమ్ముతూ నిలబడిపోయిన లారీల కింద పడుకుని పెరిగినవాణ్ణి. ఇంజిన్‌ను చంపేది వేడి అని నా ఒంట్లో ఇంకిపోయింది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్‌ను ఆపే క్లచ్ పాడైపోయి ఉంటే దాన్ని తీసేసి, ఇంజిన్ తిరిగినంతసేపూ ఫ్యాన్ తిరిగేలా సూటిగా బిగించేశాను.

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు షెడ్డు రేకులు దడదడలాడాయి. మా గైడ్ దగ్గర్లోని ఇన్యుయిట్ ఆదివాసుల ఊరి పెద్దాయన. ఆ గుట్ట మీద బతికినవాడు. బానెట్ మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచాడు.

“గొంతు మారింది,” అన్నాడు. “ఎక్కుతుంది.”

ఎక్కింది. ఖాళీగా ఒకసారి, ఇసుక బస్తాలతో ఒకసారి. వారెంట్ తీరానికి మనుషుల్ని పంపింది. ఆ వారం నేను కాలు నేల మీద పెట్టి నడిచిన గుర్తు లేదు.

ఇక్కడ బొంత సంగతి చెప్పాలి. నా భార్య రూతుది చీరాల. కెనడా చలిలో నేత చీరలు ఎక్కడ కట్టుకోవాలి అని నాలుగింటిని కలిపి బొంత కుట్టింది. పైన పసుపు చీర, మామిడి పిందెల అంచు. “ఆర్మీ వాళ్లు స్లీపింగ్ బ్యాగ్ ఇస్తారు” అంటే, “వాళ్ల బ్యాగ్ వాళ్లది, నా బొంత నాది. పట్టుకెళ్లు” అంది. నా మంచం మీద దాన్ని చూసి వెల్డర్ పోస్టంతా చాటింపు వేశాడు, మెకానిక్ పూలతోటలో పడుకుంటాడని.

ఒక ఉదయం తొమ్మిదిన్నరకు తీరం నుంచి రేడియో.

“బేస్, ఇది తీరం. మా రేడియో ఆపరేటర్ మీద స్నోమొబైల్ తిరగబడింది. తొడ ఎముక విరిగింది. మెడిక్ కట్టు కట్టాడు. విమానం కావాలి. ఓవర్.”

విమానం లేదు. గాలి లేచింది. వారెంట్ నా వైపు తిరిగింది.

“బామ్మ వెళ్లి రాగలదా?”

“వెళ్తుంది, వారెంట్. తీసుకొస్తుంది.”

నేను డ్రైవరు సీట్లో, గైడ్ పక్కన. పోతూ పోతూ బొంత లాక్కుని వెనక పడేశాను. బేస్‌లో రేడియో ముందు వెల్డర్ కూర్చున్నాడు. గుట్ట మీదుగా తీరం చేరేసరికి పదకొండు. రేడియో ఆపరేటర్ ఇరవై రెండేళ్ల పిల్ల, క్యూబెక్ నుంచి వచ్చింది. స్ట్రెచర్ మీద స్లీపింగ్ బ్యాగ్‌లో పడుకోబెట్టి, పైన రూతు బొంత కప్పాం. మెడిక్ ఆమె పక్కన కూర్చున్నాడు. ఆ పిల్ల మొహం పాలిపోయి ఉన్నా నోరు తగ్గలేదు. “ఈ పూలు నాకు బాగున్నాయి. తిరిగి ఇవ్వను,” అంది.

గుట్ట అడుగుకు వచ్చేసరికి లోకం తెల్లగా అయిపోయింది. ఆకాశం ఏదో నేల ఏదో తెలియదు. గైడ్ చెయ్యెత్తాడు.

“ఆపు. పైన ఒక పక్క లోయ. అంచు కనపడందే వద్దు. గాలి తగ్గుతుంది.”

ఆపాం. ఇంజిన్ మాత్రం ఆపలేదు. ఆ మంచునేలలో చలికాలం డీజిల్ బండిని ఆరుబయట ఎవరూ ఆపరు. ఆపితే మళ్లీ లేవదు. న్యూట్రల్‌లో వదిలేసి కూర్చుంటారు. పాత బామ్మ అలా పొద్దస్తమానం గురకపెట్టేది.

కాసేపటికి హీటరు గాలి గోరువెచ్చనైంది. తర్వాత చల్లనైంది. అద్దాల లోపలి వైపు మంచు పూత మొదలైంది. వేడి చూపించే సూది అడుగుకు జారింది.

“మెకానిక్, వెనక చలి పెరుగుతోంది,” అన్నాడు మెడిక్. “ఈమె దెబ్బకు ఇది అసలు పనికిరాదు.”

దిగాను. బానెట్ ఎత్తి రేడియేటర్ కింది గొట్టం పట్టుకున్నాను. గ్లౌజులోంచి కూడా చల్లని రాయిలా తగిలింది. అప్పుడు అర్థమైంది. చిన్న ఇంజిన్ ఊరికే తిరగడానికి కూడా ఆయాసపడుతుంది, అందుకే వేడిగా ఉంటుంది. ఈ పెద్దదానికి అది నిద్రతో సమానం. నిద్రలో అది పుట్టించే కాస్త వేడినీ నా పెద్ద రేడియేటరూ, ఆగని ఫ్యానూ కలిసి ఊదేస్తున్నాయి. పల్నాటి ఎండకు నేను చేసిన జాగ్రత్త ఒకటి, ఈ మంచుకు వీళ్లు చేసే జాగ్రత్త ఒకటి. రెండూ మంచివే. రెండూ కలిసి ఆ పిల్లను గడ్డకట్టిస్తున్నాయి. ఇంకాస్త ఆగితే గొట్టాల్లో డీజిల్ కూడా పేరుకుంటుంది. ఇంజిన్ ఆగిందంటే అందరి పనీ అంతే.

భయం వేసింది. కానీ ఏం చెయ్యాలో తెలిసిన భయం అది. రేడియేటర్ మూతి మూసేయాలి. టార్పాలిన్ తీసి విప్పబోతే చలికి అప్పడంలా విరిగింది. గాలి ఆ ముక్కల్ని లాక్కుపోయింది. వెనక తలుపు తీశాను. నేనేం చూస్తున్నానో ఆ పిల్ల కనిపెట్టింది.

“తీసుకోండి,” అంది.

“కుదరదు,” అన్నాడు మెడిక్. “ఆమె మీదున్నది ఆమె మీదే ఉండాలి.”

“హీటరు చస్తే ఈ పూలు నన్నేం కాపాడతాయి?” పళ్లు టకటకమంటున్నాయి. “ఇంజిన్‌కి కప్పండి. ఇది నా ఆర్డరు. ఓవర్.”

మెడిక్ తన పార్కా కోటు విప్పి ఆమె మీద వేశాడు. నేను బొంత తీసుకున్నాను. గైడ్ ఒక వైపు పట్టుకున్నాడు, నేను ఒక వైపు. గాలికి అది తెరచాపలా కొట్టుకుంది. నాలుగు మూలలూ తాళ్లతో జాలీకి కట్టాం. నూలు గుడ్డ కదా, అంత చలిలోనూ మెత్తగా వంగింది. ఫ్యాన్ లోపలి నుంచి లాగి దాన్ని రేడియేటర్‌కు అతికించుకుంది. లోపలికెక్కి, చేత్తో ఇంజిన్ వేగం పెంచే హ్యాండ్ థ్రాటిల్ లాగాను. ఇంజిన్ నిద్రలేచి అరిచింది.

సంఘంలో అడుగుతారు, అప్పుడు ప్రార్థన చేశారా బ్రదర్ అని. చేశాను. థ్రాటిల్ వదలకుండా చేశాను.

సూది కదల్లేదు. గైడ్ గోరుతో అద్దం మీద మంచు గీకుతూ కూర్చున్నాడు. సూది కదల్లేదు. తర్వాత వెంట్రుకవాసి కదిలింది. వెనక నుంచి మెడిక్ గొంతు వినిపించింది. “వస్తోంది. వెచ్చగా వస్తోంది.” నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. అక్కడ కన్నీళ్లు కూడా వెంటనే గడ్డకడతాయి, గైడ్ చూసి రెప్పలు తుడుచుకోమన్నాడు.

ఒంటిగంటకు గాలి పలచబడింది. గుట్ట అంచు నల్లగా కనపడింది.

“ఇప్పుడు,” అన్నాడు గైడ్.

ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ నిజంగానే వేడెక్కుతుంది. దిగి బొంతను సగం పైకి మడిచి కట్టాను. రెండో గేరు. మడమ నేల మీద. బామ్మ మూతి పైకి లేచింది. డిసెంబరులో ఆగిన మలుపు వచ్చింది. గొంతు బరువెక్కింది కానీ తగ్గలేదు. రాళ్లు టైర్ల కింద నలిగాయి. మలుపు వెనకబడింది. తర్వాత కొద్దిసేపు బానెట్ తప్ప ఏమీ కనపడలేదు. ఆ తర్వాత మా రేడియో స్తంభం కనపడింది.

“బేస్, ఇది బామ్మ. గుట్ట దాటాం. ఓవర్.”



“మళ్లీ చెప్పు. ఓవర్,” అన్నాడు వెల్డర్.

“గుట్ట దాటాం.”

“వినపడింది. ఇంకోసారి చెప్పు.”

చెప్పాను. మర్నాడు గాలి పడిపోయింది. విమానం వచ్చి ఆ పిల్లను తీసుకెళ్లింది. వేసవికల్లా నడిచిందని కబురొచ్చింది. ఫ్యాన్ క్లచ్ తెప్పించి బిగించాను. రేడియేటర్‌కు కాన్వాసుతో మడతపెట్టే తెర కుట్టించాను. ఆ ఇంజిన్ మళ్లీ ఎవరినీ చలికి వదల్లేదు.

ఇంటికి వచ్చాను. టొరంటో ఎయిర్‌పోర్టులో రూతు, మా అమ్మాయి. కారులోనే మా అమ్మాయి బ్యాగ్ తెరిచి ముక్కు మూసుకుంది. “డాడ్, ఇట్ స్మెల్స్ లైక్ ఎ ట్రక్!”

రూతు బొంత విప్పింది. పసుపు చీర నడుమ రేడియేటర్ రేకుల గీతలు నల్లగా, వరసగా. అంచు ఒక మూల చిరిగిపోయింది.

“ఏం చేశావు నా చీరల్ని?”

హైవే మీద మొత్తం చెప్పాను.

“ఆ అమ్మాయికే ఇచ్చేయాల్సింది,” అంది రూతు చివరికి.

“తీసుకుంటావా అని అడిగాను. బండికి ఇచ్చేశాను కదా అంది.”

మూడుసార్లు ఉతికింది. గీతలు పోలేదు. ఇప్పుడది మా సోఫా మీద ఉంటుంది. నాకు మాత్రం సోఫా మీద కనపడదు. తాళ్లు కట్టి నేను వెనక్కి జరిగినప్పుడు చూసిందే కనపడుతుంది. ఆకాశం లేదు, నేల లేదు, అంతా తెలుపు. అందులో రెండు హెడ్‌లైట్లు. వాటి మధ్య పసుపు చీర, మామిడి పిందెల అంచు, ఇంజిన్‌తో పాటు వణుకుతూ.