ఎవరూ రాకూడని కేక

ఆ రోజుల్లో (మరీ రాతియుగం కాదు లెండి, చేతిలో ఫోనుండి, దాంట్లో సిగ్నల్ లేని రోజులు) నాకు థ్రిల్లర్ల పిచ్చి పట్టింది. డిగ్రీ అయిపోయి అరకు దగ్గర మా ఊళ్లో ఖాళీగా కూర్చున్న నాకు, అలాంటి సినిమాలు ఎలా తీస్తారో మొత్తం తెలిసిపోయిందని గట్టి నమ్మకం. పొగమంచు ఉండాలి. నల్ల రెయిన్‌కోటులో హంతకుడుండాలి. సరిగ్గా అవసరం పడ్డప్పుడే సిగ్నల్ పోవాలి, బండి స్టార్టవకూడదు. హీరోయిన్ కెవ్వుమని అరవాలి, ఒక్క పురుగు కూడా రాకూడదు. ఇంతే కదా! పొగమంచుకి మాకు కొదవలేదు, సిగ్నల్ ఎప్పుడూ ఉండదు, చిన్నాన్న జీపు తోస్తే తప్ప కదలదు. సగం సినిమా మా ఊళ్లో తయారుగా ఉందన్నమాట.

విశాఖలో ఒక సినిమా శిక్షణ సంస్థవాళ్లు, చిన్న సినిమా తీసి పంపితే నచ్చినవాళ్లకి ఉచితంగా సీటిస్తామన్నారు. నాన్న బళ్లో మాస్టారు. నన్నూ టీచర్ని చేయాలని ఆయన పట్టుదల. నా ఏడుపు భరించలేక, "ఒక్క సినిమా తియ్యి. ఆళ్లకి నచ్చితే ఎల్లు. లేపోతే నోరు మూసుకుని బీఎడ్‌లో సేరు" అన్నాడు. ఇక నా బతుకంతా ఆ బుల్లి సినిమా మీదే వేలాడింది.

హంతకుడు చిన్నాన్న. హీరోయిన్ నా స్నేహితురాలు. చర్చిలో అది పాటందుకుంటే మిగతా గొంతులేవీ వినపడవు కనుక దాన్ని సైరన్ అని పిలిచేవాళ్లం. పంపాల్సిన ఆఖరి రోజు పొద్దున్నే కాఫీ తోటలో ఒకే ఒక్క షాట్ మిగిలింది. సైరన్ పరిగెత్తాలి, వెనక కత్తితో చిన్నాన్న, అది అరవాలి, ఎవరూ రాకూడదు.

"యాక్షన్!" అన్నాను. అరిచింది. కొమ్మల మీది మంచు జలజలా రాలింది. ఆ వెంటనే పొగమంచులోంచి ఊరు ఊరంతా వచ్చేసింది! కర్రలు, కొడవళ్లు, చంకలో చంటిపిల్లతో ఒకావిడ, గరిటెతో ఇంకొకావిడ. అందరికంటే ముందు మా నాన్న, సగం గడ్డం గీసుకుని, మిగతా సగం సబ్బు నురగతో.

"ఏటయినాదే గుంటా? పామా? ఎలుగుబంటా?"

"షూటింగు నాన్నా!"

తిట్టుకుంటూ వెళ్లారు. మళ్లీ తీశాం, మళ్లీ వచ్చారు. మీ కాళ్లకి దండం పెడతాను, ఈ కథలో అరిచినా ఎవరూ రాకూడదు, భయమంతా అందులోనే ఉంది అని మొత్తుకున్నాను. నాన్న వాళ్లక్క, మా అత్త, నడుం మీద చెయ్యేసుకుంది. "ఆడగుంట అరుత్తంటే ఎవులూ రారా? ఏ ఊరే అది?"

"సినిమాలో ఊరు అత్తా."

"అలాటి ఊల్లో దానికేటి పని? బేగి ఇంటికొచ్చీమను!" (కథ మొత్తం అక్కడితో ముగించేసింది మహాతల్లి.)

చివరికి రామని మాటిచ్చారు. మూడోసారి సైరన్ అరిచింది. నిశ్శబ్దం. నా గుండె గంతులేసింది. అంతలోనే దబదబా అడుగులు! ("ఇందాకంతా నాటకమే. ఇప్పుడు నిజంగా కాలిరిగుంటే?" అని నాన్న తర్వాత వాదించాడు.) ఈసారి గొడవేమిటో తెలియని ఒక ముసలమ్మ, అప్పుడే కొండ దిగి వస్తూ, రెయిన్‌కోటు మనిషిని చూసి చీపురుకట్టతో వీర బాదుడు మొదలుపెట్టింది. "పిన్నీ, నేనే! నేనేనే!" అంటూ హంతకుడు కత్తి పారేసి, తోట పక్కన ఆపిన తన జీపులో దూరాడు. జీపు స్టార్టవలేదు. నేను నవ్వలేక కింద కూలబడ్డాను గానీ సినిమా తీస్తున్న ఫోను మాత్రం వదల్లేదు.

మళ్లీ తీసే టైము లేదు. అందరం జీపు తోసి, సిగ్నలందే మలుపు దాకా వెళ్లి, ఏడుపు మొహంతో ఉన్నదున్నట్టు పంపేశాను. కొన్నాళ్లకి అదే మలుపు దగ్గర ఉండగా ఫోనొచ్చింది. "హంతకుడి చేత అంత సహజమైన భయం ఎలా నటింపజేశావమ్మా?" సీటొచ్చేసింది! నాన్న మాట మీద నిలబడ్డాడు. బస్సెక్కిస్తూ మాత్రం మెల్లగా అడిగాడు, "అక్కడ అరిత్తే ఎవులైనా వత్తారేటే?"

ఇప్పుడు హైదరాబాదులో సినిమాలకి శబ్దాలు కూర్చే పని నాది, ఎక్కువగా థ్రిల్లర్లే. ఆ మధ్య ఫ్లాట్‌లో నెత్తిన బల్లి పడితే సైరన్‌ని మించి అరిచాను. పక్కింటివాళ్లు టీవీ సౌండు పెంచుకున్నారు. సినిమావాళ్లు అబద్ధం చెప్పలేదని అప్పుడర్థమైంది. అయినా బుద్ధి మారదు కదా! హీరోయిన్ అరుపు కింద, వినీవినపడనట్టు, దబదబా పరిగెత్తుకొచ్చే అడుగుల చప్పుడు కలిపేస్తుంటాను. డైరెక్టర్లు ఇట్టే పట్టేస్తారు. "ఎవరండీ ఆ వచ్చేది? ఇక్కడ ఎవరూ రాకూడదు, తీసేయండి" అంటారు. పొరపాటండీ అని నవ్వేసి తీసేస్తాను. సగం గడ్డంతో మా నాన్న వస్తున్నాడండీ అంటే ఎవరు నమ్ముతారు?