బర్రెకు పోసిన పిల్లిపీచర నీళ్లు

పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్‌ల సూర్యాపేట బస్సెక్కిన. మంచుల రోడ్డు కనబడుతలేదు. బస్సు నీళ్ల మీద తేలుకుంట పోతున్నట్టే ఉంది. ఆధార్ చూసి జీరో టికెట్ కొట్టిన కండక్టర్, "నిద్రపోండ్రి మేడం, ఊరొస్తే లేపుత" అన్నడు. నిద్ర యాడిది?

నా పరిశోధనంతా శతావరి వేర్ల మీద. మన పిల్లిపీచర గడ్డలే. వాటిల్ల పొడుగు గొలుసుల్లాంటి చక్కెరలుంటయి, పాలీశాకరైడ్లంటరు. ఒంట్ల రోగాలతోని కొట్లాడే కణాలను అవి తట్టి లేపుతయా అని చూడాలె. లేపుడు సంగతి దేవుడెరుగు, రెండుసార్లు తెప్పించిన ఎండు గడ్డల్ల అవి దొరికిందే అంతంత మాత్రం. ఈసారీ గిట్లనే అయితే టాపిక్ మార్చుకొమ్మన్నరు మా గైడ్. మూడేండ్ల కష్టం మట్టిపాలు.

సూర్యాపేటల ఇడ్లీ తిని, గడ్డలమ్మిన మూలికల దుకాణానికి పోయిన. "మా సరుకుకేమైంది మేడం? కోదాడ పక్క అనంతగిరి నుంచి వస్తది, పోయి సూడుండ్రి" అని సేటు గుర్రుమన్నడు. నాకూ రోషమొచ్చింది. కోదాడ బస్సెక్కి, ఆడికెళ్లి ఆటో పట్టుకున్న.

అనంతగిరిల గడ్డలు పండించే యాదమ్మ వాకిట్ల పెద్ద గంగాళం పొయ్యి మీదుంది. ఆవిరిల ఆమె మొహం కనబడుకుంట, మాయమైకుంట ఉంది.

"గడ్డలను ఉడకబెడుతున్నవేంది పెద్దమ్మా?"

"ఉడికితెనే తోలు సులువుగ ఊడుతది బిడ్డా. తోలు తీసి, ఎండబెట్టి సేటుకు పంపుతం."

"మరి ఆ నీళ్లు?"

"బర్రెకు పోస్త. పాలు మంచిగిస్తది."

గిన్నెల కొన్ని నీళ్లు తీసి, చల్లారినంక వేళ్ల నడుమ రుద్ది చూసిన. జిగట! నా తెలివి తగలెయ్య, ఆ చక్కెరలు వేడినీళ్లల్ల కరుగుతయని లాబ్‌ల రోజూ వల్లెవేసేదాన్నే. అవి నా దాకా రాకముందే బర్రె కడుపులకు పోతున్నయన్నమాట.

"పచ్చి గడ్డలున్నయా?"

"లేవు. ఈ యేటికి ఇదే ఆఖరు వాయి" అనుకుంటనే యాదమ్మ గడ్డలు తోడేసి, గంగాళం తొట్టిల చల్లనీళ్లల్లకు వంపింది. బర్రె మూతి పెట్టింది.

"ఆగు పెద్దమ్మా, ఆగు!" అని ఉరికిన. గంగాళం అడుగున మిగిలినయి సీసాకు పట్టుకున్న.

"పాలిచ్చేది బర్రెనా, నువ్వా?" అని యాదమ్మ పడి పడి నవ్వింది.

కోదాడల మిర్యాలగూడ బస్సెక్కిన. సీసా ఒళ్లె పెట్టుకొని కూసున్న. రెండు దిక్కులా యాసంగి నాట్లు పడ్డ మళ్లల్ల ఆకాశం పరుచుకొని ఉంది. ఎప్పుడు కండ్లు మూసిన్నో, ఎప్పుడు తెరిచిన్నో తెల్వదు. అంతటా పచ్చదనమే.

సాయంత్రం మిర్యాలగూడల పట్నం రైలెక్కితే, నా పక్కన త్రిపురారం నుంచొచ్చిన ఒక తాత కూసున్నడు. ఇగ ఓపిక పట్టలేక సంచిల నుంచి లాబ్ ఆల్కహాల్ బుడ్డి తీసి, అండ్ల కొన్ని గడ్డల నీళ్లు పోసిన.

"గదేం మందు బిడ్డా?"

"మందు కాదు తాతా. చక్కెరలుంటే ఈ ఆల్కహాల్ల కరగక తెల్లగ తేలుతయి. లేకుంటే నా చదువు ఖతం."

ఇద్దరం బుడ్డినే చూసుకుంట కూసున్నం. ముందు నీళ్లు మసకబారినయి. ఆ మసకల నుంచి సన్నటి తెల్లటి పోగులు లేచి, మెల్లగ ఒకదాన్నొకటి అల్లుకున్నయి. నాకు ఏడుపాగలే. అవి కణాలను లేపుతయో లేదో లాబ్‌లనే తేలాలె. ఉన్నయైతే ఉన్నయి.

తాత లేచి కిటికీ సీటు నాకిచ్చిండు. "వెలుతురుకు పట్టు బిడ్డా, ఇంక మంచిగ కనబడుతది" అన్నడు. నల్గొండ దాటి పొద్దుగూకేదాకా అట్లనే పట్టుకొని కూసున్న.