ఖాళీ కార్డులో మొదటి పాట

పెద్దిరాజుది కళింగపట్నం దగ్గర పల్లె. దేశంకాని దేశంలో, తువాస్ షిప్‌యార్డులో వెల్డరు. ఆయన ఉండే డార్మిటరీలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరైనా పని ముగించుకుని ఊరికి వెళ్లిపోతుంటే, మిగతావాళ్లు ఖాళీ మెమరీ కార్డు కొని, నిండా పాటలెక్కించి చేతిలో పెడతారు. మొదటి పాట మాత్రం పెద్దిరాజు పాడాల్సిందే. కూతురు అరుణశ్రీ పుట్టినప్పుడు వెళ్లలేక, ఇక్కడే కూర్చుని తను కట్టిన జోలపాట అది. ఫోనులో పాడి పాడే ఆ పిల్లను పెంచాడు.

నేను బుకిట్ బటోక్‌లో ఉంటూ కాపీరైట్ చట్టం మీద పరిశోధన చేస్తున్నాను. ఆదివారాలు జురాంగ్ ఈస్ట్‌లో ఆయన్ని కలిసేవాణ్ణి. కొన్ని దేశాల్లో ఖాళీ డిస్కు అమ్మినా, కార్డు అమ్మినా, ఎలాగూ ఎవరి పాటో ఎక్కుతుంది కదా అని, ధరలో కొంత పాడేవాళ్లకూ రాసేవాళ్లకూ పంచుతారని ఓసారి చెప్పాను. ఇక్కడ ఆ పద్ధతి లేదు. పెద్దిరాజు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఖాళీ కార్డుకి డబ్బులేటి బాబూ? అందులో నా పాటుంటే కదా!"

ఆ నవ్వు ఇక వినలేను. నిరుడు ఆయన గొంతులో క్యాన్సర్ తేలింది. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేసి, ఊపిరికి మెడ దగ్గర రంధ్రం పెట్టారు. అప్పటికే అరుణశ్రీకి పాప పుట్టింది. నాన్న గొంతుతో ఆ జోల ఒక్కసారి బిడ్డకు వినిపించాలని, ఎవరి దగ్గరైనా ఉందేమో చూడమని మాకు ఫోను చేసింది. పెద్దిరాజు కోరిందీ అదొక్కటే. గొంతు తట్టుకుని మా ఫోన్లు చూపించేవాడు.

గదిలో తోటివాడు తిరుమలేష్, వెళ్లిపోయిన వాళ్లందరికీ ఫోన్లు చేశాడు. ఒకడు కార్డు చెరిపి సినిమాలు ఎక్కించుకున్నాడు. ఒకడి ఫోను కార్డుతో సహా కాలవలో పడింది. ఇంకొకడు, "నీకాడ లేదేటి?" అని ఎదురడిగాడు. తిరుమలేష్ దగ్గరా లేదు. ఎప్పుడు పాడించినా నేరుగా కార్డులోకే ఎక్కించేవాడు.

"మనిసి పక్కనే ఉన్నాడు గదా బాబూ, పాట దాసుకోడం ఎందుకనుకున్నాం," అని ఏడ్చాడు. నాకు ఒళ్లు మండింది. కానీ ఎవర్ని తిట్టను?

పెద్దిరాజు ప్రయాణం రోజు ఆయన కార్డు సిద్ధం చేస్తూ, తిరుమలేష్ అలవాటుకొద్దీ రికార్డు నొక్కి, ఫోను ఆయన నోటి దగ్గర పెట్టి, "కానీ అన్నా," అనేశాడు. అనేశాక నాలుక కరుచుకున్నాడు. పెద్దిరాజు ఆ ఫోను తీయనివ్వలేదు. తిరుమలేష్ చెయ్యి గట్టిగా పట్టుకుని నోరు తెరిచాడు. మెడ దగ్గరి రంధ్రంలోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. రెండో చేత్తో తొడమీద జోల దరువు వేశాడు, పాట ఎంతసేపుంటుందో అంతసేపూ. నాకు దుఃఖం ఆగలేదు.

కొన్నాళ్లకు అరుణశ్రీ తిరుమలేష్‌కు ఫోను చేసింది. నేను పక్కనే ఉన్నాను.

"కార్డులో మొదటిదాంట్లో పాట లేదు బాబాయ్, గాలీ దరువూ అంతే. అయినా నాన్న మిగతాయేవీ ఎట్టడు. అదే ఎట్టుకుని, పాపని ఒళ్లో ఏసుకుని పెదాలు కదుపుతుంటాడు. పాప పడుకుంటాది. అమ్మే ఇనలేక బయటికెల్లిపోతాది."