సీతారత్నం పేర జీపీఏ

మా గణపవరం చుట్టుపక్కల కాదనడం రాని మనిషి ఎవరని అడిగితే తడుముకోకుండా సీతారత్నం పేరు చెబుతాను. కరివేపాకు చెట్టు ఆమెది, కోసుకునేది వీధంతా. కుట్టుమిషను ఆమెది, దానిమీద కుట్టుకునేది పక్కింటివాళ్లు. పోనీ మనసులో బాధపడుతూ ఇస్తుందా అంటే అదీ లేదు, నవ్వుతూనే ఇస్తుంది. చూస్తే నాకు ఒళ్లు మండేది.

నా పేరు నాగదుర్గారావు. ముప్పై ఆరేళ్లు రిజిస్ట్రారు ఆఫీసు ముందు బల్ల వేసుకుని దస్తావేజులు రాశాను. రత్నాన్ని మొదటిసారి చూసింది అక్కడే. పెళ్లి కుదిరాక వాళ్ల నాన్న పసుపు కుంకుమల కింద ఆమె పేర రెండెకరాలు రాయించడానికి సైకిలు మీద ఎక్కించుకుని తీసుకొచ్చాడు. పని అయ్యాక ఆ పిల్ల ఊరుకుందా! "మా పొలం చూద్దురుగాని రండి బాబాయిగారూ" అని నన్నూ వెంట లాక్కెళ్లింది.

అప్పటికి ఇన్ని చేపల చెరువులు ఎక్కడివండీ? కాలవగట్టు ఎక్కితే కొల్లేటి దాకా వరిచేలే. గట్ల మీద కంది, కోతలయ్యాక మినుము. రత్నం చెప్పులు చేత్తో పట్టుకుని, "ఇక్కణ్ణుంచి అక్కడిదాకా నాదేనండీ" అని గట్టు వెంట పరిగెత్తింది. ఇవాళ అదే గట్టు ఎక్కితే చేపల మేత వాసన, మోటార్ల చప్పుడు. ఆ రోజులు తలుచుకుంటే నాకు దుఃఖం వస్తుంది, దాచుకోవడమెందుకు?

ఆ రెండెకరాలూ పోయాయి. పోవడంలో నా చెయ్యి ఉంది. పెళ్లయిన ఏడెనిమిదేళ్లకు ఆమె అన్న సూర్యప్రకాశరావు వచ్చి, "కౌలు వ్యవహారం నేను చూసుకుంటానమ్మా, ఓ జీపీఏ రాసియ్యి" అన్నాడు. సరేనంది. తన బదులు అన్న వ్యవహారం నడపొచ్చనే ఆ అధికారపత్రం రాసింది నేను. మా లేఖరులందరి దగ్గరా ఒకే నమూనా ఉండేది. కౌలు, తాకట్టు, అమ్మకం, అన్ని అధికారాలూ వరసగా దొర్లించి, చివర 'చదివి వినిపించగా విని, సమ్మతించి సంతకం చేయడమైనది' అని ముగించేవాళ్లం. ఆ రోజు మంచిరోజని ఆఫీసు నిండా జనం. నేను చదవలేదు, ఆమె వినలేదు. ఆ ఆఖరి వాక్యం మాత్రం శుభ్రంగా రాశాను.

నాలుగేళ్లకు అన్నగారు ఆ కాగితంతోనే పొలం అమ్మేశాడు. కొన్నవాళ్లు చెరువు తవ్వేశారు. ఒకసారి తవ్వారంటే అది మళ్లీ చేనవడం కల్ల. రత్నం అన్నను పల్లెత్తు మాట అనలేదు. నన్నూ ఏమీ అనలేదు. నేనూ ఆ సంగతి ఆమె దగ్గర ఎత్తలేదు.

తరవాత వాళ్ల నాన్న, తనకు మిగిలిన ఒక్క ఎకరం మనవరాలు, రత్నం కూతురు తేజశ్రీ పేర వీలునామా రాయించాడు. "రత్నం పేర రాస్తే నిలవదు దుర్గారావూ" అన్నాడు. రత్నం పక్కనే నిలబడి మంచినీళ్లు అందిస్తోంది. ఆ మాట విని, తల దించుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ తేజశ్రీ వట్లూరులో ఇంజనీరింగు చదివింది. తండ్రి లేని పిల్ల, మహా మొండి ఘటం. పోయినేడు మిలిటరీలో ఆఫీసరుగా సెలెక్టయింది. చెన్నైలో పదకొండు నెలలు ట్రైనింగు. మొదట్లో ఆదివారం తప్ప ఫోను చేతికివ్వరట. సరిగ్గా అప్పుడే మా ఊళ్లో భూముల రీసర్వే మొదలైంది. పొలం గలవాళ్లు దగ్గరుండి హద్దులు చూపించాలి, సంతకాలు పెట్టాలి. అందుకని తాతయ్య పోయాక తనకొచ్చిన ఎకరానికి అమ్మ పేర జీపీఏ రాయాలనుకుంది. నేను పని మానేసి మూడేళ్లయిందన్నా వినదే! "మీరే రాయాలి తాతగారూ" అని కూర్చుంది.

ఈసారి తల్లినీ కూతుర్నీ మా వరండాలో కూర్చోబెట్టి ప్రతి ముక్కా పైకి చదివాను. అమ్మకం దగ్గరికి వచ్చేసరికి రత్నం కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ ముక్క కొట్టేయండి బాబాయిగారూ. సర్వేకీ, కౌలుకీ ఉంటే చాలండి."

"ఎందుకమ్మా?" అంది తేజశ్రీ.

"నా సంగతి నీకు తెలీదా? మన చేను ఆ చేపల షావుకారు తాతాజీగారి చెరువుల మధ్యన పడింది. రెండేళ్లబట్టి ఇమ్మని అడుగుతున్నారు. నువ్వటు వెళ్లగానే వచ్చి కూర్చుంటారు. నాకు కాదనడం రాదే తల్లీ. ఆ అధికారం లేదనుకో, నా చేతిలో లేదండీ అని చెప్పి తప్పించుకుంటాను."

నాకూ అదే మంచిదనిపించి పెన్ను తీశాను. పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"ఉంచండి తాతగారూ. ఎన్నాళ్లమ్మా తప్పించుకోవడం? తాతయ్య నిన్ను నమ్మలేదు. నేను నమ్ముతున్నాను. పోతే పోనీ."

"పోతే పోనీ అనకు!" అని అరిచింది రత్నం. ఈ ముప్పై ఏళ్లలో ఆమె గొంతు పెంచగా వినడం నాకదే మొదలు.

చివరికి కూతురి మాటే నెగ్గింది. గురువారం రిజిస్టరు చేయించాం, ఆదివారం తాడేపల్లిగూడెంలో పిల్లను రైలెక్కించాం. ఈ పిల్ల మొండితనంతో ఆ ఎకరమూ నీళ్లపాలేనని దారిపొడుగునా నాలో నేనే గొణుక్కున్నాను.

నెల తిరక్కుండా తాతాజీ కారు రత్నం ఇంటిముందు ఆగింది. వెళ్దామంటే, పిలవని పేరంటానికి వచ్చాడంటారు. వరండాలోనే అటూ ఇటూ తిరిగాను, కూర్చున్నాను, లేచాను, మళ్లీ కూర్చున్నాను. గంట గడిచాక రత్నం మిట్టమధ్యాహ్నపు ఎండలో, గొడుగైనా లేకుండా వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"తాతాజీగారూ, వాళ్లావిడా వచ్చారండీ. చీర పెట్టి, బొట్టు పెట్టబోయారండీ. జీపీఏ సంగతి ఆయనకు ముందే తెలుసు. ఇప్పుడు నీ చేతిలోనే ఉంది కదమ్మా అన్నారు."

"ఇచ్చేశావా?"

"కాఫీ ఇచ్చానండీ."

"నీ కాఫీ తగలెయ్య! పొలం సంగతి చెప్పవే!"

"అవునండీ, నా చేతిలోనే ఉంది, ఇవ్వను అన్నానండీ. ఆయన నవ్వి మళ్లీ అడిగారు. మళ్లీ ఇవ్వనన్నాను. చీర తీసుకెళ్లిపోయారు. దానికి చెబుదామంటే ఆదివారం దాకా ఫోనుండదు. అంతదాకా ఆగలేక మీ దగ్గరికి వచ్చాను."

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఇరవై ఏళ్లుగా దాచిపెట్టుకున్నది అప్పుడు బయటికొచ్చింది.

"తప్పు నాది రత్నం. ఆనాడు మీ అన్న తెచ్చిన కాగితం చదవకుండానే చదివానని రాశాను. చదివి ఉంటే నీ రెండెకరాలూ నిలిచేవి."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"మీరు చదివినా సంతకం పెట్టేదాన్నేనండీ. వద్దనొచ్చని అప్పుడు నాకెవరు చెప్పారు బాబాయిగారూ?"