పూజ చేసిన బంపరు

మా నాయినకు కారు లేదు, అంకుల్‌కు డ్రైవింగ్ రాదు. వాళ్ళ స్నేహం గురించి ఎవరడిగినా నేను ఇక్కడి నుంచే మొదలుపెడతాను.

నాయిన నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి సిటీ బస్సు డ్రైవరయ్యాడు. అంకుల్‌ది భీమవరం దగ్గర ఊరు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఫ్లాటు. బ్యాంకు ఉద్యోగానికి ఏళ్ళ తరబడి నాయిన బస్సులోనే, డ్రైవరు వెనక సీట్లోనే వెళ్ళొచ్చేవారు. రిటైరయ్యాక ఆయనకు ఏం పుట్టిందో ఏమో, అబ్దుల్లాపూర్‌మెట్ అవతల సినిమాలకు పాత బండ్లు కిరాయికిచ్చే ఒకాయన షెడ్డులో, కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న ఇంగ్లండు స్పోర్ట్స్ కారు ఒకటి కొనేశారు. పైన కప్పు లేదు, ముందూ వెనకా బంపర్లు తుప్పుపట్టి సగమే మిగిలాయి. ఉన్నవి రెండే సీట్లు. ఫ్లాటులో చోటు లేక దాన్ని ఎల్బీ నగర్‌లో మా ఇంటి వాకిట్లో పెట్టారు. ఆదివారం వస్తే నాయిన నడిపేవాడు, అంకుల్ పక్కన కూర్చునేవారు. హైవే మీద కొంతదూరం పోయి చాయ్ తాగి వచ్చేవాళ్ళు. మూడో మనిషికి చోటు లేని ఆ బండంటే అమ్మకు ఒళ్ళుమంట.

తెలంగాణ కోసం బస్సులు బందైన ఏడాది, దసరాకు ముందు, అంకుల్ రావడం మానేశారు.

ఎందుకో మాకు అర్థం కాలేదు. అప్పుడు నాయిన కూడా సమ్మెలో ఉన్నాడు. పొద్దున లేచి చౌరస్తాలో టెంటు కింద కూర్చునేవాడు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేదాన్ని, అదీ మూతబడితే నేనూ వెళ్ళి కూర్చునేదాన్ని. పొద్దంతా గొంతు పోయేలా జై తెలంగాణ అని అరిచి, ఇంటికొచ్చి అంకుల్ ఈ వారం కూడా రాలేదేమని బెంగపడేవాళ్ళం. ఈ రెండూ ఒక్క మనిషి కడుపులో ఎట్లా ఇముడుతున్నాయో నాకు తెలిసేది కాదు. ఎవరినైనా అడుగుదామంటే, అందరూ నాకంటే గట్టిగా అరుస్తున్నారు.

చివరికి ఒకరోజు అంకుల్ ఫోన్ చేశారు. ఎప్పుడో ఇద్దరూ కలిసి ఇష్టంగా ఆర్డరిచ్చిన బంపర్లు విదేశం నుంచి వచ్చాయట. పార్సెల్ మా ఇంటికే వస్తుందట. ఆ తర్వాత చిన్నగా, "బండి అమ్మేస్తున్నానమ్మా. ఆ షెడ్డాయనే మళ్ళీ తీసుకుంటానన్నాడు. బంపర్లు బిగించి ఇస్తే పండగ వెళ్ళగానే పట్టుకెళ్తాడట. మా బావమరుదులు విజయవాడ వచ్చేయమంటున్నారు. నాన్నగారికి నువ్వే చెప్పు," అన్నారు.

నేను చెప్పాను. నాయిన అన్నం తింటున్నవాడు తింటూనే ఉన్నాడు. తర్వాత చెయ్యి కడుక్కుంటూ, "ఆయన బండి, ఆయనిష్టం," అన్నాడు. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. నోరున్న మనుషులు, ఎదురెదురుగా కూర్చుని ఒకరినొకరు అడగడానికేం పోయేకాలం!

దసరా పొద్దున అంకుల్ వచ్చారు. బస్సుల్లేవు కదా, షేర్ ఆటోలో వచ్చారు. "బావున్నారా డ్రైవరు గారూ," అన్నారు. "బాగనే ఉన్న సారూ, కూసో," అన్నాడు నాయిన. ఎప్పటి పిలుపులే, కానీ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

డబ్బా విప్పితే తళతళలాడే రెండు బంపర్లు, ఒక సంచీ నిండా బోల్టులూ నట్లూ వచ్చాయి. ఏది ఎక్కడ పెట్టాలో చెప్పే కాగితం మాత్రం లేదు. పైగా అవి ఆ కంపెనీవి కావు, కొలతలు చూసి వేరే ఎవరో చేసినవి. ముందుది ఏది, వెనకది ఏదని మేం తిప్పి తిప్పి చూస్తుండగా అమ్మ పళ్ళెంతో వచ్చింది. ఆ రోజు ఇంట్లో ఇనుము కనబడితే చాలు పసుపు పెట్టే రోజు. కత్తిపీటకు పెట్టింది, కుట్టుమిషన్‌కు పెట్టింది, ఇప్పుడు రెండింట్లో కాస్త పొడుగ్గా ఉన్న బంపరుకు మూడు బొట్లు పెట్టి, నిమ్మకాయ కట్టి, "గిదే ముందలిది, పెద్దగున్నది," అని తేల్చేసి వెళ్ళిపోయింది.

అంతే. మధ్యాహ్నం దాకా ఆ బొట్ల బంపరును ముందు బిగించడానికే కుస్తీ పట్టాం. ఒక పక్క బోల్టు పడితే రెండో పక్క బొక్క వేలెడు అవతల ఉంటుంది. నాయిన ఆకురాయితో బొక్కను అరగదీశాడు. అంకుల్ పాత ట్యూబు కత్తిరించి మధ్యన ఇరికించారు. నేను ఒక కొస పట్టుకుని నిలబడి నిలబడి, "ఇది వెనకది కావచ్చు కదా, మార్చి చూడొచ్చు కదా," అన్నాను.

"పూజ చేసినదాన్ని ఎనకకెట్ల పెడ్తరు?" వంటింట్లోంచి అమ్మ.

"మీ అమ్మగారు చెప్పింది నిజమే," అన్నారు అంకుల్. జీవితమంతా బ్యాంకులో లెక్కలు చూసిన మనిషి!

నాయిన ఆకురాయి వదల్లేదు. నింపాదిగా అరగదీస్తూనే ఉన్నాడు. నాయిన పనిలో ఇంత నిదానం నేనెప్పుడూ చూడలేదు. తొందరేముంది మరి, బంపర్లు బిగిస్తే బండి పోతుంది. అది తట్టాక నాకు ఏం చెయ్యాలో తోచలేదు. పని కానివ్వనా, చెడగొట్టనా? చివరికి ఎండకు తల తిరిగి, టేపు తెచ్చి కొలిచి, రెండూ మార్చేశాను. బొట్ల బంపరు వెనక ఇట్టే కూర్చుంది. అలిగిన అమ్మను బతిమాలి రెండోదానికీ బొట్లు పెట్టించాం.

ఇక ముందుది. అంకుల్ దానికి ఒక పక్క బోల్టు పట్టించారు. పాత బంపరుకున్న నంబరు ప్లేటు విప్పి కొత్తదానికి మార్చాలి. నాయిన ప్లేటు చేతిలోకి తీసుకుని, దాని మూల గీతలు పడ్డ చోట బొటనవేలితో రుద్దాడు. ఆ రోజుల్లో మా వైపు బండ్ల మీద ఏపీ పోయి టీజీ వస్తోంది. కొందరు రంగుతో రాయించుకునేవాళ్ళు, కొందరు స్టిక్కర్ వేయించుకునేవాళ్ళు.

"సారూ, నీకొక మాట చెప్పలే," అన్నాడు నాయిన తల ఎత్తకుండా. "పోయిన నెల ఎవలో పోరగాండ్లు దీనిమీద టీజీ స్టిక్కర్ ఏసి పోయిండ్రు. మా వాకిట్ల పెట్టిన బండి. నువ్వు చూస్తె నేనే ఏయించిన్ననుకుంటవని, నీ మనసుకు కష్టమైతదని గీకి పారేసిన."

అంకుల్ చేతిలో పానా అలాగే ఉండిపోయింది.

"గీకింది మీరా?"

"నేనే."

"అది అంటించింది నేనండీ," అన్నారు అంకుల్. "దిల్‌సుఖ్‌నగర్‌లో చేయించుకొచ్చి, మీరు టెంటు దగ్గరున్నప్పుడు అంటించాను. వారం తర్వాత వచ్చి చూస్తే గీకేసుంది. నేను పెట్టుకోవడం మీవాళ్ళకి ఇష్టం లేదేమో, నీకెందుకురా అన్నట్టు తీసేశారేమో అనుకున్నాను. ఇక ఏ మొహం పెట్టుకుని రాను?"

నాకు నవ్వొచ్చింది. హమ్మయ్య, ఇంతేనా అనుకున్నాను. కానీ నాయిన నవ్వలేదు.

"ఎందుకు అంటించినవ్ సారూ? మా మీది ప్రేమతోనా, భయంతోనా?"

అంకుల్ పానా కింద పెట్టారు. అబద్ధం చెప్తే బావుండునని నాకు అనిపించింది. ఆయన చెప్పలేదు.

"భయమేనండీ. మీరంటే కాదు. రోడ్డు మీద ఎవడైనా అద్దం పగలగొడతాడేమోనని."

"నేను నడుపుతుంటెనా?" అన్నాడు నాయిన. "నేను స్టీరింగు పట్టుకోంగ, నా పక్కకు కూసోని, నీకు భయమైందా?"

ప్లేటును గోడకు ఆనించి లోపలికి వెళ్ళిపోయాడు. ముందు బంపరు ఒక్క బోల్టు మీద వేలాడుతోంది. అంకుల్ దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు. వదిలితే పడిపోతుంది, వదలకపోతే ఎంతసేపు? నేను ఎవరి పక్కన నిలబడాలో తెలియక ఆ రెండో కొస పట్టుకున్నాను. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. నావీ అంతే.

నాయిన బయటికొచ్చేసరికి పొద్దు వాలింది. చొక్కా మార్చుకున్నాడు. ఒక చేతిలో జమ్మి ఆకు, ఇంకో చేతిలో బండి తాళం. మాకు దసరా సాయంత్రం జమ్మి ఆకే బంగారం. దాన్ని చేతిలో పెట్టి కావలించుకుంటే ఆ యేటి కోపాలు ఆ యేటికి అయిపోయినట్టే. అంకుల్ అరచేతిలో ఆకూ తాళమూ రెండూ పెట్టాడు.

"ఇగో, బంగారం. గా సీట్ల కూసో సారూ."

"నేనా? అంటే... ఇక మీరు నడపరా?" అన్నారు అంకుల్.

"నేను పక్కకు కూసుంట. ఒక్కసారన్న నువ్వు నడుపు. భయమైతే నాకు చెప్పాలె సారూ. స్టిక్కర్‌కు కాదు."

అంకుల్ నాయినను గట్టిగా పట్టేసుకున్నారు. ఆకు ఇద్దరి మధ్యా నలిగిపోయింది. మిగిలిన బోల్టు నేనే బిగించాను. ప్లేటు గోడ దగ్గరే ఉండిపోయింది, దాని సంగతి ఎవరూ ఎత్తలేదు.

అంకుల్ మొదటిసారి ఆ స్టీరింగు వెనక కూర్చున్నారు. నాయిన క్లచ్ గురించి చెప్పాడు, బ్రేకు గురించి చెప్పాడు, గేరు ఎడమకు నెట్టి పైకి వెయ్యమన్నాడు. అంకుల్ వేశారు. బండి ఒక్క ఎగురు ఎగిరి, వెనక్కి పోయి గేటు స్తంభానికి గుద్దుకుంది.

అమ్మ పరుగెత్తుకొచ్చి చూసింది. బొట్ల బంపరు నడిమధ్యన, పెద్ద బొట్టు దగ్గరే, గిన్నెంత సొట్ట. "చూసిన్రా, పూజ చేసినందుకే స్తంభం కూలకుండ ఆగింది," అంది.

అంకుల్ తల పట్టుకున్నారు. "అయ్యయ్యో, ఎల్లుండి ఆ షెడ్డాయన బండి కోసం వస్తాడండీ! ఈ సొట్ట చూస్తే ఇంకెవరు కొంటారు?"

"గదే కదా," అన్నాడు నాయిన, సీట్లోంచి కదలకుండా.

ఆ బండిలో ఫస్టు గేరు పక్కనే రివర్సు ఉంటుంది, ఇంకొంచెం ఎడమకు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి ఆ ఒక్క సంగతీ చెప్పడం మరిచిపోయాడంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.