మొదటి కట్ట

తెల్లవారుజామున నాలుగున్నరకు చిన్నమ్మ నా తలుపు కొట్టింది. అవ్వ, అంటే మా అమ్మ, పోయి నెల కావస్తోంది. దినాలకు వచ్చిన చుట్టాలందరూ వెళ్ళిపోయారు. అవ్వ చెల్లెలైన చిన్నమ్మ మాత్రం కుసుమలు కోసే దాకా ఉంటానని ఆగిపోయింది. నేను కరీంనగర్‌లో ఉద్యోగానికి సెలవు పొడిగించుకున్నాను. నిద్ర పట్టలేదు, అయినా లేవబుద్ధి కాలేదు.

“లే బిడ్డా. పొద్దెక్కినంక పోతే గా ముండ్లను నువ్వు కొయ్యవు, గవ్వే నిన్ను కోస్తయి.”

ఖానాపూర్ దగ్గర మా జొన్నచేను చుట్టూ అవ్వ ఏటా కుసుమలు వేసేది. లేత ఆకు కూరకు వస్తుంది, గింజ నూనెకు. పూలు పసుపుగా విచ్చి, వాడేకొద్దీ ఎర్రబారతాయి. మొక్క ఎండేసరికి ఆకుల అంచులన్నీ ముళ్ళవుతాయి. ఏ గొడ్డూ దాటి లోపలికి రాదు. మంచుకు ముళ్ళు మెత్తబడిన వేళలోనే వాటిని కోయాలి. దుకాణంలో ఇప్పుడు దొరికే విత్తనానికి ముళ్ళు ఉండవు. కోయడం సులువే కాని, కంచెకు పనికిరాదు. మా ఊళ్ళో ముళ్ళ విత్తనం అవ్వ దగ్గరే మిగిలింది. అది ఇంకో ఏడు మొలవాలని నాకుండేది. ఆ చలిలో లేచింది అందుకే.

చేతులకు గోనెపట్టా చుట్టుకొని చేనులోకి దిగాం. నేను ఒక్కో మొక్కనూ చూసి చూసి పట్టుకుంటున్నాను.

“కోస్తున్నవా, దండం పెడుతున్నవా?” అంది చిన్నమ్మ. “జర గట్టిగ పట్టు. మెల్లగ పడితేనే గుచ్చుతది.”

అవ్వ ఎప్పుడూ మంచి మొక్కలు చూసి మొదటి కట్ట కోసేది. దాన్ని పాత చీర పేలికతో కట్టి చేను ఒడ్డు మీద పెట్టేది. బాపు చేనుకు రాకముందే ఇంటికి తెచ్చి, గింజలు రాల్చి, బూడిద కలిపి విత్తనానికని కుండలో పోసేది. చిన్నమ్మ కూడా అలాగే ఒక కట్ట కట్టి ఒడ్డు మీద పెట్టింది. పొద్దెక్కాక ఇద్దరం ఇంటికి వచ్చేశాం. కట్ట నేను తెచ్చాననుకుంది చిన్నమ్మ. తను తెచ్చిందనుకున్నాను నేను. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరం ఎవరినీ ఏదీ రెండోసారి అడగడం లేదు.

కోసినవి ఎండాక బాపు ఒక్కడే కట్టెతో కొట్టి, తూర్పారబట్టి, బస్తా గానుగకు తీసుకుపోయాడు. సాయంత్రం నూనె డబ్బాతో వచ్చాడు.

“బావా, ఇత్తనం కట్ట యాడ పెట్టినవ్? ఇంట్ల కనవడ్తలేదు,” అంది చిన్నమ్మ.

“ఏ కట్ట?”

“చీర పేలికతోని కట్టింది. ఒడ్డు మీద పెట్టిన.”

బాపు డబ్బా కింద పెట్టాడు. “మరిచిపోయిన్రనుకున్న. కుప్పల ఏసి కొట్టిన.”

“గింజలన్ని గానుగ పట్టిచ్చినవా?”

“ఒక్క గింజ ఇడువలే,” అన్నాడు. అన్నాక అర్థమైంది ఆయనకు.

చిన్నమ్మ కోప్పడలేదు. “ఇన్నేండ్లల్ల అక్క ఒక్కనాడన్న చెప్పలేదా నీకు?”

“నేనెన్నడు అడుగలే,” అన్నాడు బాపు.

మరునాడు నేను ఖాళీ బస్తా కుట్లు విప్పి దులిపాను. రాలిన కొన్ని గింజలు తాలువి. అయినా దాచి, వానలు తగ్గాక తడి నేలలో వేశాను. మొలవలేదు. చుట్టుపక్కల ఊళ్ళలో అడిగితే, “గా ముండ్లయి ఇప్పుడెవలేస్తున్రు?” అన్నారు. వాళ్ళు నవ్వలేదు. ఎవరూ వేయడం లేదు, అంతే.

నూనె కొన్నాళ్ళు వచ్చింది. బాపు అన్నంలో వేసుకునేటప్పుడు డబ్బా మూతకు అంటిన చుక్కను కూడా వేలితో తీసుకునేవాడు. ఆ నూనె అయిపోయాక ప్యాకెట్ నూనె వాడుతున్నాం. చేను చుట్టూ ఇనుప ముళ్ళ తీగ లాగించాం. తెల్లవారుజామున ఇప్పుడు చేనుకు ఎవరం పోము. కుసుమలు వేయడం లేదు.