పాత డిస్కు వైరు

“ముందు పాతదాని వైరు పీకరా. కొట్టోడు అదే గదా సెప్పినాడు!”

“నీకేటి తెల్సమ్మా? సిన్నది కంప్యూటరు బేగి లేవడానికి, పెద్దది వీడియోలు దాసుకోడానికి. రెండూ ఉండాల.”

“లేవడానికొకటి, దాసుకోడానికొకటా? మరి నీ బుర్ర దేనికిరా?”

“నువ్వెల్లి జీడిపిక్కలు ఒలుసుకో.”

పలాసలో మా ఇంటి ముందుగదిలోనే మా అబ్బాయి పెళ్లి వీడియోల స్టూడియో. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, ఆ యంత్రం గొడవ నాకు తెలియదు. కానీ విశాఖపట్నంలో ఆ అరచేతిలో పట్టే కొత్త డిస్కు కొన్నప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. కొత్తదాంట్లో విండోస్ ఎక్కేదాకా పాతదాన్ని విప్పి ఉంచమని కొట్టతను చెప్పింది నా చెవులతో విన్నాను. డిగ్రీ చదివిన చెవులకి మాత్రం అది ఎక్కలేదు.

పాత డిస్కులో ఉద్దానంలోని ఒక సముద్రపు పల్లె పెళ్లి ఉంది. ఆ పెళ్లికొడుకు మర్నాడే పడవ పనికి గుజరాత్ రైలెక్కాలి. మళ్లీ ఎప్పుడొస్తాడో. పెళ్లి సీడీ వెంట పట్టుకెళ్తానన్నాడు.

వీడియో కంప్యూటర్లోకి ఎక్కగానే అదే క్యాసెట్ మీద ఇంకో పెళ్లి తీసేయడం మా వాడి అలవాటు; ఈ పెళ్లి క్యాసెట్టునీ అలాగే చేశాడు. దానికి పొదుపని పేరు పెట్టుకున్నాడు. కొబ్బరి పీచు కూడా పారేయని ఇల్లు నాది, పొదుపంటే ఏమిటో నాకు తెలుసు. విత్తనాల వడ్లు దంచుకు తినేవాణ్ణి పొదుపరి అనరు.

తెరమీద రెండు డిస్కులూ సున్నా, ఒకటి అని అంకెలతో కనిపించాయి. పక్కనే సైజు రాసి ఉంది. అది చదవడం నామోషీ కాబోలు, సున్నా అంటే చిన్నదేనని తేల్చేసుకుని దాన్ని తుడిచి విండోస్ ఎక్కించాడు. తీరా చూస్తే తుడిచింది పాత పెద్దదాన్ని. కొత్తది ఖాళీగా అలాగే ఉంది.

“కంప్యూటరే తప్పు సూపించిందమ్మా.”

“అవున్రా, దానిదే తప్పు. నీకు దొరికింది గదా!”

మర్నాడు పొద్దున్న పెళ్లికొడుకు సంచితో వచ్చాడు. మా వాడు లోపల టీ తాగుతూ, “ఇంట్లో లేనని సెప్పమ్మా” అని గొణిగాడు.

తలుపు బార్లా తీశాను. “ఉన్నాడు బాబూ. నీ పెళ్లి తుడిపేసినాడు. రారా, మిగతాది నువ్వే సెప్పు.”

మా వాడు వచ్చి, నేల చూస్తూ చెప్పాడు.

“అక్కడ మావోళ్లకి పెళ్లికూతుర్ని సూపిత్తానన్నాను” అన్నాడు పెళ్లికొడుకు. సంచి భుజాన వేసుకుని స్టేషనుకి వెళ్లిపోయాడు.